హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికలు: సగం దాటని పోలింగ్, ప్రతిసారీ మారే ఫలితం

మీరు అడిగినవి మూడు సంగతులు. హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికల్లో సగం మంది కూడా ఓటు వేయకపోవడం మొదటి నుంచీ ఉన్నదేనా? పోలింగ్ తగ్గితే లాభపడేది ఎవరు? మేయర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకునే పద్ధతి మళ్లీ వస్తే ఓటర్లు కదులుతారా? ఓటరు జాబితాల సవరణలోనూ, పోలింగ్, లెక్కింపు విధుల్లోనూ చాలాకాలం పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను. పోలింగ్ శాతం చూసి నగర ఓటరును నిందించడం మన దగ్గర ప్రతి ఎన్నికకూ జరిగే పని. ఆ శాతం ఎలా తయారవుతుందో చూడకుండా ఆ నింద వేయడం న్యాయం కాదన్నది నా దృఢమైన అభిప్రాయం.

ముందు లెక్కలు చూద్దాం. పాత మున్సిపల్ కార్పొరేషన్‌కు ఎల్బీనగర్, ఉప్పల్, మల్కాజిగిరి, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి వంటి 12 మున్సిపాలిటీలను కలిపి 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. 150 డివిజన్లతో దానికి తొలి ఎన్నిక 2009 నవంబరు 23న జరిగింది, 42 శాతం ఓట్లు పోలయ్యాయి. 2016 ఫిబ్రవరి 2న జరిగిన రెండో ఎన్నికలో అది 45 శాతం దాటింది. 2020 డిసెంబరు 1న జరిగిన మూడో ఎన్నికలో 46.5 శాతం చిల్లరగా తేలింది. అంటే పదకొండేళ్లలో పెరిగింది నాలుగైదు శాతమే.

ఫలితాలు మాత్రం ఒకదానితో ఒకటి పొంతన లేకుండా వచ్చాయి. 2009లో కాంగ్రెస్‌కు 52, తెలుగుదేశానికి 45, మజ్లిస్‌కు 43, బీజేపీకి 5 డివిజన్లు దక్కాయి, టీఆర్ఎస్ అసలు పోటీయే చేయలేదు. 2016లో అదే టీఆర్ఎస్ 99 డివిజన్లు గెలిచింది. మజ్లిస్‌కు 44 రాగా బీజేపీకి 4, కాంగ్రెస్‌కు 2, తెలుగుదేశానికి 1 మిగిలాయి. 2020లో టీఆర్ఎస్ 56కు పడిపోయింది, బీజేపీ 4 నుంచి 48కి ఎగబాకింది, మజ్లిస్ మళ్లీ 44 దగ్గరే నిలిచింది, కాంగ్రెస్ 2తో సరిపెట్టుకుంది. పోలింగ్ దాదాపు కదలకుండా ఉన్న కాలంలోనే ఇంత తారుమారు జరిగింది. కాబట్టి ఈ నగరంలో ఎంతమంది ఓటు వేశారన్నదాని కన్నా ఏ బస్తీలో, ఏ కాలనీలో వేశారన్నదే ఎక్కువ చెబుతుంది.

ఇక 46 శాతం సంగతి. స్థానిక ఎన్నికలకు రాష్ట్ర ఎన్నికల సంఘం సొంతంగా ఓటర్ల జాబితా తయారు చేయదు. అసెంబ్లీ నియోజకవర్గాల జాబితానే తీసుకుని, ఇంటి నంబర్ల ప్రకారం డివిజన్లకు పంచుతుంది. అసెంబ్లీ జాబితాలో ఉన్న లోపమంతా యథాతథంగా ఇక్కడికి దిగుతుంది. హైదరాబాద్ అద్దె ఇళ్ల నగరం. కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఒక అపార్ట్‌మెంటుకు బూత్ స్థాయి అధికారి వెళ్తే, వాచ్‌మన్ మొదటి అంతస్తు వాళ్లు ఖాళీ చేసి ఏడాది దాటిందంటాడు, రెండో అంతస్తు వాళ్లు ఊరెళ్లారంటాడు, మూడో అంతస్తులో ఉన్నవాళ్ల పేర్లు పాత ఇంటి చిరునామాతో వేరే నియోజకవర్గంలో ఉంటాయి. ఖాళీ చేసినవారి పేరు తొలగించాలంటే ఫారం 7 దరఖాస్తు, విచారణ, నోటీసు అన్నీ కావాలి. ఇల్లు మారినవాళ్లలో తమ పాత పేరు తీసేయమని అడిగేవారు నాకు తెలిసినంతలో చాలా అరుదు. కొత్తచోట ఫారం 6 పెట్టి ఇంకో పేరు నమోదు చేయించుకునేవారు మాత్రం ఎక్కువే. పైగా 2018 అసెంబ్లీ ఎన్నికల రోజున నగరంలో ఓట్లు గల్లంతయ్యాయని పెద్దఎత్తున ఫిర్యాదులు వచ్చాక, పేరు తొలగించడానికి కింది స్థాయి సిబ్బంది మరింత జంకడం మొదలైంది. ఉండి ఓటు వేయని పేరు వల్ల ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు గానీ, పొరపాటున తీసేసిన ఒక్క పేరుకు మాత్రం జవాబు చెప్పుకోవాలి.

పోలింగ్ రోజున బూత్ అధికారికి ఏఎస్‌డీ జాబితా ఒకటి ఇస్తారు. చిరునామాలో కనిపించనివారు, వలస వెళ్లినవారు, మరణించినవారు అందులో ఉంటారు. ఆ పేర్లు అసలు జాబితాలోంచి పోవు, మొత్తం ఓటర్ల లెక్కలోనే ఉంటాయి. ఒక బూత్‌లో 1000 పేర్లు ఉన్నాయనీ, వాటిలో 250 మంది నిజంగా అక్కడ లేరనీ అనుకుందాం. 460 మంది వచ్చి ఓటు వేస్తే కాగితం మీద అది 46 శాతమే. అక్కడ నిజంగా నివసిస్తున్న 750 మందిని లెక్కలోకి తీసుకుంటే 61 శాతం దాటుతుంది. నగరమంతటా ఇదే నిష్పత్తి ఉందని నేను అనడం లేదు. పాతబస్తీలో సొంత ఇళ్లలో తరాలుగా ఉంటున్న గల్లీల్లో జాబితా చాలావరకు శుభ్రంగా ఉంటుంది, ఐటీ కారిడార్ చుట్టూ ఉన్న కాలనీల్లో అస్తవ్యస్తంగా ఉంటుంది. రెండు చోట్లా వచ్చిన శాతాలను పక్కపక్కన పెట్టి ఒకరు చైతన్యవంతులు, ఇంకొకరు బద్ధకస్తులు అని తేల్చడం అందువల్లే తప్పు.

అసెంబ్లీకి, పార్లమెంటుకు బారులు తీరే జనం కార్పొరేషన్ ఎన్నికంటే చిన్నచూపు చూస్తారన్న మాట తరచుగా వింటాం. హైదరాబాద్ విషయంలో ఆ మాటకు ఆధారం లేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్ నియోజకవర్గంలో 45 శాతం లోపు, సికింద్రాబాద్‌లో 46.5 శాతం, మల్కాజిగిరిలో 50 శాతం లోపు పోలింగ్ జరిగింది. 2024లోనూ ఈ మూడు నియోజకవర్గాలు 48 నుంచి 51 మధ్యనే ఉన్నాయి. ఆ రెండు సందర్భాల్లోనూ ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఒకే రోజు పోలింగ్ పెట్టడంతో, నగరంలో స్థిరపడిన ఆంధ్ర ప్రాంతం వాళ్లు చాలామంది సొంతూళ్లకు వెళ్లి ఓటు వేశారు. పండగకు కదిలినట్టు విజయవాడ రహదారి మీద బస్సులూ కార్లూ నిండిపోవడం అందరూ చూసిందే. ప్రధానమంత్రిని ఎన్నుకునే ఎన్నికకూ, కార్పొరేటర్‌ను ఎన్నుకునే ఎన్నికకూ ఈ నగరం ఇంచుమించు ఒకే సంఖ్యలో వచ్చింది. లోపం స్థానిక ఎన్నిక పట్ల చిన్నచూపులో కన్నా జాబితాలోనూ, నగర జీవితంలోనూ ఎక్కువగా ఉందని చెప్పడానికి నాకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం కనిపించదు.

దీనికి ఎదురు సాక్ష్యం చిన్న పట్టణాలు ఇస్తాయి. 2020 జనవరి 22న తెలంగాణలో 120 మున్సిపాలిటీలకూ, కొన్ని కార్పొరేషన్లకూ ఎన్నికలు జరిగితే మొత్తం మీద 70 శాతం పైచిలుకు పోలింగ్ నమోదైంది. విజయవాడ రహదారి మీదున్న చౌటుప్పల్ మున్సిపాలిటీలో 93 శాతం దాటింది. అదే రోజు కూకట్‌పల్లిని ఆనుకుని ఉన్న నిజాంపేట కార్పొరేషన్‌లో 40 శాతం కూడా రాలేదు. ఒకే రాష్ట్రం, ఒకే చట్టం, ఒకే రోజు. చౌటుప్పల్‌లో వార్డుకు పోటీ చేసేవాడు ఎవరి కొడుకో ఓటరుకు తెలుసు. ఓటు వేయకపోతే మర్నాడు ఎదురుపడి, ఏమ్మా, రాలేదేం అని అడుగుతాడనీ తెలుసు. నిజాంపేటలో పక్క ఫ్లాట్‌లో ఎవరుంటారో తెలియని ఓటరుకు ఆ బంధం ఎక్కడి నుంచి వస్తుంది?

మిగతా మహానగరాలతో పోలిస్తే మనం మరీ దిగువన ఏమీ లేము. 2022లో చెన్నై 44 శాతానికి అటూఇటూ ఉండిపోయింది, అదే ఏడాది ఢిల్లీ 50 దాటింది. ముంబై 2012లో 45 శాతం దగ్గర ఉండి, 2017లో బీజేపీ, శివసేన విడివిడిగా తలపడేసరికి 55 దాటింది. హోరాహోరీ పోటీ ఉంటే ఓటర్లు వస్తారన్నదానికి ముంబైని ఉదాహరణగా చూపుతారు. హైదరాబాద్‌లో 2020 పోటీ అంతకన్నా తక్కువ వేడిదేమీ కాదు, కేంద్ర హోంమంత్రి స్వయంగా వచ్చి రోడ్‌షో చేశారు. అయినా పెరిగింది ఒకటిన్నర శాతం లోపే. అయితే ఆ రోజు పరిస్థితులనూ లెక్కలోకి తీసుకోవాలి. కరోనా భయం ఉంది, ఐటీ ఉద్యోగులు ఇంటి నుంచి పని పేరుతో సొంతూళ్లలో ఉన్నారు, పైగా శని, ఆదివారాల వెంట సోమవారం కార్తిక పౌర్ణమి, మంగళవారం పోలింగ్ సెలవు కలిసివచ్చాయి.

మొదటి నుంచీ ఇంతేనా అన్న మీ ప్రశ్నకు ఈ నగర చరిత్ర మొహమాటం లేని జవాబు చెబుతుంది: మొదటి నుంచీ ఎన్నికలే సరిగా జరగలేదు. మాడపాటి హనుమంతరావు గారు మేయర్‌గా పనిచేసిన 1951 నాటి కాలాన్ని పెద్దలు గౌరవంగా తలుస్తారు. హైదరాబాద్, సికింద్రాబాద్ కార్పొరేషన్లు 1960లో ఒకటయ్యాయి. 1970 నుంచి 1986 దాకా ఎన్నికైన పాలకమండలి లేదు, ప్రత్యేకాధికారులే నడిపారు. 1986లో ఎన్నికలు జరిగి, కాంగ్రెస్ మద్దతుతో మజ్లిస్‌కు మేయర్ పీఠం దక్కింది. ఆ తరవాత మళ్లీ ఎన్నిక జరిగింది 2002 జనవరిలోనే. 1986 నాటికి ఓటు హక్కు వయసు 21. అప్పటికి 20 ఏళ్లున్న యువకుడికి తన కార్పొరేటర్‌ను ఎన్నుకునే తొలి అవకాశం 36 ఏళ్లు వచ్చాక గానీ రాలేదన్నమాట. ఐదేళ్లకోసారి ఎన్నిక జరిపి తీరాలన్న 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్‌లో అమల్లోకి వచ్చింది. ఆ తరవాత కూడా ఈ నగరం ఎనిమిదేళ్లకు పైగా వేచి ఉండాల్సి వచ్చింది. 2009లో వచ్చిన పాలకమండలి గడువు 2014 డిసెంబరులో తీరితే, కొత్తది 2016 ఫిబ్రవరిలో వచ్చింది. ఓటు వేయడం అలవాటుగా మారాలంటే ఎన్నిక వేళకు రావాలి. మన పాలకులు ఏ పార్టీ వారైనా ఆ అలవాటును పడనివ్వలేదని నేను బాధతోనే అంటున్నాను.

ఈ వాదనకు ఒక మినహాయింపు ఉంది, దాన్ని దాచకూడదు. విశాఖపట్నం మహానగర పాలక సంస్థకు 2012లో గడువు తీరాక 2021 మార్చి దాకా ఎన్నికలు జరగలేదు. అయినా 2021లో అక్కడ 60 శాతానికి అటూఇటూ పోలింగ్ జరిగింది. కాబట్టి ఎన్నికల మధ్య ఎడం ఒక్కటే కారణమని చెప్పలేం. కార్పొరేటర్ చేతిలో ఏముందన్నది కూడా చూడాలి. హైదరాబాద్‌లో మంచినీళ్లు, మురుగు కాలువలు 1989లో ఏర్పడిన జలమండలివి, నగర ప్రణాళికలో పెద్దభాగం మహానగర అభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏది, కరెంటు విద్యుత్ పంపిణీ సంస్థ డిస్కంది, బస్సు ఆర్టీసీది, కార్పొరేషన్‌లో సైతం కార్యనిర్వాహక అధికారం రాష్ట్ర ప్రభుత్వం నియమించే కమిషనర్‌ది. నల్లా రాకపోయినా, నాలా పొంగినా జనం కార్పొరేటర్‌నే నిలదీస్తారు, అతను ఇంకెవరికో ఫోన్ చేస్తాడు. ఈ సంగతి ఓటరు గ్రహించలేడని అనుకోవడం పొరపాటు.

పోలింగ్ తగ్గితే ఎవరికి లాభం అన్నది రెండో ప్రశ్న. స్థిరమైన ఓటర్లూ, గల్లీ స్థాయి యంత్రాంగమూ ఉన్న పార్టీకి లాభం. హైదరాబాద్‌లో ఆ పార్టీ మజ్లిస్. మూడు ఎన్నికల్లో 43, 44, 44 డివిజన్లు. 2020లో 51 చోట్ల మాత్రమే పోటీ చేసి 44 గెలిచింది. ఎక్కడ బలముందో తెలిసి, అక్కడే నిలబడి, అక్కడి ఓటరును ఇంటి నుంచి బయటికి తెచ్చే పద్ధతి అది. 2020లో అత్యధికంగా 70 శాతం దాకా పోలింగ్ జరిగిన కంచన్‌బాగ్ ఆ పార్టీదే. మెహిదీపట్నంలో కేవలం 34 శాతం పోలైంది, అక్కడా అదే పార్టీ గెలిచింది. ఎక్కువ పోలింగ్ ఫలానా పార్టీకి, తక్కువ పోలింగ్ ఫలానా పార్టీకి అంటూ టీవీల్లో చెప్పే సూత్రాలు డివిజన్ స్థాయికి వచ్చేసరికి నిలవవు.

ఆ 2020 లెక్కింపులోనే ఇంకో సంగతి బయటపడింది. కరోనా కారణంగా ఆ ఎన్నికకు ఓటింగ్ యంత్రాలు కాకుండా కాగితపు బ్యాలెట్లు వాడారు. పెట్టెలు గుమ్మరించి, బ్యాలెట్లను మడత విప్పి, 25 చొప్పున కట్టలు కట్టి, 40 కట్టలు, అంటే 1000 ఓట్లు, ఒక్కో బల్లకు ఇచ్చారు. బల్లలు 14, కాబట్టి రౌండుకు 14 వేల ఓట్లు. మెహిదీపట్నంలో పోలైనవి 12 వేల లోపే కావడంతో ఒక్క రౌండుతో తేలిపోయి, నగరంలోకెల్లా మొదటి ఫలితం అదే అయింది. మైలార్‌దేవ్‌పల్లిలో 37 వేలకు పైగా ఓట్లు పడ్డాయి కాబట్టి మూడు రౌండ్లు పట్టింది. ఏ డివిజన్‌కైనా కార్పొరేటర్ ఒక్కరే, సభలో ఓటు ఒక్కటే. పోలింగ్ శాతం గురించి మాట్లాడేవారు డివిజన్ల మధ్య ఉన్న ఈ తేడాను ఎందుకో పట్టించుకోరు.

ఓట్లు సీట్లుగా మారే తీరు కూడా పోలింగ్ కన్నా ఫలితాన్ని ఎక్కువగా మార్చింది. 2016లో టీఆర్ఎస్‌కు వచ్చినవి సుమారు 44 శాతం ఓట్లు, దక్కినవి మూడింట రెండు వంతుల సీట్లు. కారణం, ఎదుటి ఓట్లు తెలుగుదేశం-బీజేపీ కూటమికీ, కాంగ్రెస్‌కూ మధ్య చీలిపోవడం. 2020లో ఎదుటి ఓట్లు బీజేపీ వెనక చేరేసరికి, రెండు పార్టీలకూ ఇంచుమించు 36 శాతం చొప్పున వచ్చి, టీఆర్ఎస్ మెజారిటీకి దూరమైంది. మధ్యలో జరిగినవి కూడా గుర్తుంచుకోవాలి: 2020 అక్టోబరు వరదలు, ఇంటికి పది వేల రూపాయల సాయం పంపిణీ ఎన్నికల కోడ్‌తో మధ్యలో ఆగడం, నవంబరులో దుబ్బాక ఉపఎన్నికలో బీజేపీ గెలుపు. వరదనీళ్లు నిలిచిన ఎల్బీనగర్ వైపు కాలనీలు బీజేపీ వైపు మళ్లాయి. ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడినవారు ఎక్కువగా ఉండే కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి వైపు డివిజన్లే టీఆర్ఎస్‌ను నిలబెట్టాయి. ఆ ఎన్నికలో జాబితాలో ఉన్నవారు 74 లక్షల పైచిలుకు, ఓటు వేసినవారు సుమారు 34 లక్షల 50 వేలు, మొదటి స్థానంలో నిలిచిన పార్టీకి పడినవి 12 లక్షల చిల్లర. అంటే జాబితాలోని ఆరుగురిలో ఒక్కరి ఓటుతో నగరంలో పెద్ద పార్టీ ఎవరో తేలింది.

ఫలితం తరవాత జరిగేవి ఓటరును ఇంకా నిరుత్సాహపరుస్తాయి. 2009లో ఎవరికీ మెజారిటీ రాకపోవడంతో కాంగ్రెస్, మజ్లిస్ ఒప్పందం చేసుకుని మేయర్ పదవిని పంచుకున్నాయి. బండ కార్తీకరెడ్డి తరవాత 2012లో మాజిద్ హుస్సేన్ మేయర్ అయ్యారు. 2021 ఫిబ్రవరి 11న జరిగిన మేయర్ ఎన్నికలో, కార్పొరేటర్లతో పాటు నగర ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీలు ఎక్స్ అఫీషియో, అంటే పదవి రీత్యా, సభ్యులుగా ఓటు వేయగా, మజ్లిస్ మద్దతుతో టీఆర్ఎస్ అభ్యర్థి గద్వాల విజయలక్ష్మి ఎన్నికయ్యారు. రాష్ట్రంలో ప్రభుత్వం మారాక 2024లో ఆమె, ఉప మేయర్ కూడా కాంగ్రెస్‌లో చేరారు. 2020లో నగర ఓటర్లు రెండే డివిజన్లు ఇచ్చిన పార్టీకి మేయర్ పీఠం దక్కింది. 2023 అసెంబ్లీ ఎన్నికల్లోనూ హైదరాబాద్ జిల్లా ఆ పార్టీకి ఒక్క సీటూ ఇవ్వలేదు. ఇది చట్టవిరుద్ధమని నేను అనను. కానీ డిసెంబరు చలిలో వరుసలో నిలబడి ఓటు వేసిన మనిషికి దీన్ని ఎలా వివరించాలో నాకు తెలియదు.

మూడో ప్రశ్నకు 2002 ఎన్నికే మనకున్న పూర్వానుభవం. అప్పుడు ఓటరుకు రెండు బ్యాలెట్లు ఉండేవి, ఒకటి కార్పొరేటర్‌కు, ఇంకొకటి మేయర్‌కు. తెలుగుదేశం అభ్యర్థి తీగల కృష్ణారెడ్డి, మజ్లిస్‌కు చెందిన మాజీ మేయర్ మీర్ జుల్ఫికర్ అలీని ఓడించి మేయర్ అయ్యారు. సభలో మాత్రం ఆయన పార్టీకి మెజారిటీ లేదు, ఐదేళ్లూ బడ్జెట్ దగ్గరి నుంచి ప్రతిదానికీ నచ్చజెప్పి నెగ్గించుకోవాల్సి వచ్చింది. నేరుగా ఎన్నుకోవడంలో ఉన్న మేలు ఏమిటంటే, గెలుపు ముందే ఖాయమైన డివిజన్‌లో ఉన్న ఓటరుకు కూడా తన ఓటు నగరం మొత్తం లెక్కలో కలుస్తుందన్న భరోసా ఉంటుంది. పార్టీ మారిన మేయర్‌ను పీఠం మీద చూడాల్సివస్తే, కనీసం ఆ వ్యక్తిని ఎన్నుకున్నది తామేనన్న హక్కుతో జనం అడగగలరు. అందువల్ల ఆ పద్ధతిని నేను సమర్థిస్తాను. అయితే దానివల్ల పోలింగ్ ఒక్కసారిగా 60 దాటుతుందని ఆశ పెట్టుకోకండి. జాబితాలో ఊరు విడిచిన పేర్లు అలాగే ఉన్నంతకాలం శాతం పెద్దగా కదలదు. జలమండలి, రోడ్లు, నాలాలు మేయర్ చేతికి రానంతకాలం కాలనీవాసులకు ఆ పదవి మీద ఆసక్తీ పెరగదు. మీ డివిజన్ వరకు నిజమైన పోలింగ్ ఎంతో తెలుసుకోవాలనుంటే, ముసాయిదా జాబితా ప్రకటించినప్పుడు మీ బూత్ కాపీ తీసుకుని, మీ అపార్ట్‌మెంటు, మీ వీధి వరకైనా ఇంటింటికీ సరిచూడండి. అభ్యంతరాలకు ఇచ్చే గడువు కొద్ది రోజులే ఉంటుంది, ఆ లోపే లేనివారి పేర్లకు ఫారం 7, ఇల్లు మారినవారికి ఫారం 8 పెట్టించండి.